పొలిమేరపోటు: పుపుస ధమనియు, శరీరశ్రమయు

(సంఘ సాంస్కృతిక సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



రక్తపుపోటు అనినంతనే ఎల్లరకును స్ఫురించునది, మోచేతికి పైన పట్టీ చుట్టి, గాలి యెక్కించి, 120 అనియు 80 అనియు డాక్టరుగారు చెప్పు పోటు. ఆఫీసులలో పనిచేయువారికి ఈ అంకెలు జీతపు స్కేలువలె కంఠస్థములు. అయితే దేహమునందు ఇంకొక రక్తపుపోటు కలదు. దానిని పట్టీతో కొలుచుటకు వీలు లేదు. గుండె కుడి భాగమునుండి ఊపిరితిత్తులకు రక్తమును కొనిపోవు పెద్ద నాళములోని పోటు అది. ఆ నాళమునకు పుపుస ధమని యని పేరు. ఎకో పరీక్ష ఊరూర లభ్యమగుచున్న ఈ రోజులలో, పుపుసపోటు "బార్డర్‌లైన్" అని వ్రాసిన కాగితము అనేకుల ఇండ్లకు వచ్చుచున్నది. దానిని చదివి కొందరు నిద్రాహారములు మానుచున్నారు. కొందరు సొరుగులో పడవేసి మరచుచున్నారు. ఈ ఉభయులలో ఎవరు చేసిన పని సరియైనదో ఆ కాగితము ఒక్కటియే చెప్పజాలదు. ఆ మనిషి మెట్లెక్కునపుడు అతని దేహములో ఏమి జరుగుచున్నదో తెలియవలెను.

గుండె రెండు పంపుల కూడిక. ఎడమ పంపు శిరస్సునుండి పాదములవరకు రక్తమును పంపును. కుడి పంపు ప్రక్కనే యున్న ఊపిరితిత్తులకు మాత్రము పంపును. పని చిన్నదని కుడిదానికి రక్తము తక్కువ ఇచ్చుట లేదు. నిమిషమునకు ఎడమవైపున 5 లీటర్లు ప్రవహించిన, కుడివైపునను 5 లీటర్లే ప్రవహించవలెను. లేనిచో ఒక ప్రక్క రక్తము నిలిచిపోవును. అయినను ఎడమవైపున సగటు పోటు పాదరసపు మట్టములో 90 మిల్లీమీటర్లకు పైగా ఉండగా, కుడివైపున ఆరోగ్యవంతునికి సుమారు 14 మిల్లీమీటర్లు మాత్రమే. అంత రక్తము ఇంత తక్కువ పోటుతో ప్రవహించుటకు కారణము ఊపిరితిత్తులలోని నాళములు విశాలములు, మృదువులు అగుటయే. అందలి కేశనాళికల గోడలు అతి పలుచనివి. గాలికిని రక్తమునకును నడుమ తెర అంత పలుచగా ఉన్నగాని ప్రాణవాయువు లోపలికి రాదు. ఆ తెరపై పోటు హెచ్చినచో నీరు ఊరును. ఆ పనికి అలవడిన కుడి జఠరికయు పలుచని గోడ కలదే. ఎక్కువ నీటిని తోడగలదు గాని, ఎత్తునకు తోడుటకు అది పుట్టలేదు.

ఇక శ్రమ సంగతి. మనిషి వేగముగా నడచినను, మెట్లెక్కినను రక్తప్రవాహము 5 లీటర్లనుండి 15 లీటర్లకు, యువకులలో అంతకును మించి, పెరుగును. ప్రవాహము మూడింతలైనచో పోటును మూడింతలు కావలెనని తోచును. కాని ఆరోగ్యవంతునిలో అట్లు కాదు. విశ్రాంతివేళ ఊపిరితిత్తుల పైభాగములో మూసికొని యున్న సన్నని నాళములు అప్పుడు తెరచుకొనును. తెరచియున్నవి మరికొంత విప్పారును. నిరోధము తగ్గును. డెల్టా కాలువలతో పరిచయము గలవారికి ఇది వింత కాదు. వేసవిలో పిల్లకాలువలో మోకాటిలోతు నీరు పారునపుడు అడుగున ఎంత పూడిక యున్నదో గట్టుపై నడచువానికి తెలియదు. ఏరువాక రోజులలో తూములు ఎత్తి నిండు నీరు వదలిననాడు తెలియును. పూడిన కాలువకు గట్లు పొర్లును. పుపుస ధమని పూడికయు విశ్రాంతివేళ దాగి, శ్రమవేళ బయటపడును.

ఈ పోటును సరిగా కొలుచుటకు గుండెలోనికి గొట్టము పంపవలెను. ఆ సాహసమును మొదట చేసినవాడు జర్మనీ దేశపు ఎబెర్స్‌వాల్డె పట్టణములో ఒక చిన్న ఆస్పత్రి యువ డాక్టరు, వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో తన మోచేతి సిరలోనికి తానే సన్నని గొట్టము దూర్చుకొని, ఆ గొట్టముతోనే నడిచి ఎక్స్‌రే గదికి పోయి, అది గుండెను చేరినట్లు చిత్రము తీయించుకొనెను. పై అధికారులు మెచ్చుకొనలేదు. ఆయన చివరకు ఆ రంగము వదలి మూత్రకోశ వైద్యమునకు మరలెను. ఆ విధానమును పట్టుదలతో శాస్త్రముగా తీర్చినవారు న్యూయార్కు బెల్‌వ్యూ ఆస్పత్రిలోని కూర్నాండ్, రిచర్డ్స్ అనువారు. 1956లో మువ్వురికి కలిపి నోబెల్ బహుమానము ఇచ్చిరి. 1970లో స్వాన్, గాంజ్ అను వైద్యులు గొట్టపు కొనకు చిన్న బుడగ అమర్చిరి. సముద్రతీరమున తెరచాప పడవలను చూచినపుడు స్వాన్‌కు ఆ యూహ తట్టినదందురు. బుడగ రక్తప్రవాహముతో తేలి తానే పుపుస ధమని చేరును. ఒక శాఖలో అది అడ్డుపడి నిలిచినపుడు, ఆవల నున్న ఎడమ గుండె పోటుకూడ తెలియును. ఎడమ గుండె బిగిసి రక్తము వెనుకకు నిలిచినందున పుపుసపోటు హెచ్చినదా, లేక ఊపిరితిత్తుల నాళములే ఇరుకైనవా అను ప్రశ్నకు సమాధానము ఇందువలననే లభించును.

కొలుచుట తెలిసినది. ఎంతవరకు ఆరోగ్యము, ఎచ్చటినుండి వ్యాధి? ఇచ్చట చరిత్ర కొంచెము విచిత్రమైనది. 1965 ప్రాంతమున స్విట్జర్లాండు, జర్మనీ, ఆస్ట్రియా దేశములలో ఆకలి తగ్గించి ఒడలు సన్నగిల్లజేయు అమినోరెక్స్ అను మందు అమ్మకమునకు వచ్చినది. కొలది సంవత్సరములలో ఆ దేశములలో పుపుసపోటు రోగులు మునుపెన్నడు లేనంత హెచ్చిరి. 1968లో మందును ఉపసంహరించిరి. ఆ ఉపద్రవము కారణముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1973లో జెనీవాలో నిపుణులను సమావేశపరచినది. విశ్రాంతిలో సగటు పోటు 25కు మించినను, శ్రమలో 30కి మించినను వ్యాధి యని అప్పుడు గీత గీచిరి. 25 అను అంకె వేలమందిని కొలిచి తేల్చినది కాదు. నిస్సందేహముగా వ్యాధిగ్రస్తులైనవారిని గుర్తించుటకు నిపుణులు ఒప్పుకొనిన గీత. కాని ఆఫీసు సర్క్యులరువలె ఒకసారి జారీయైన అంకె దశాబ్దములు నిలిచినది!

ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగర వైద్యులు 2009లో పాత పరిశోధనలన్నియు తిరగవేసి, 13 దేశములలో గొట్టముతో కొలువబడిన 1,187 మంది ఆరోగ్యవంతుల లెక్కలను ఒకచోట చేర్చిరి. విశ్రాంతిలో సగటు 14. సహజమైన హెచ్చుతగ్గులన్నియు కలిపినను 20 దాటుట అరుదు. అట్లైనచో 21కిని 24కును నడుమ నున్నవారి మాట యేమి? వ్యాధి లేదని వారికి చెప్పుచుండిరి; ఆరోగ్యమున్నదని చెప్పుటకు ఆధారము లేదు. రెండు ఊళ్ల పొలిమేరలో ఇల్లు కట్టుకొనిన వాని స్థితి వారిది, ఏ కరణము తన లెక్కలో వ్రాయడు. 2018లో నీస్ నగరమున జరిగిన ప్రపంచ సదస్సులో గీతను 20కి దించిరి. 2022 ఐరోపా మార్గదర్శకములు దానినే స్వీకరించినవి. ఆ గీతతోపాటు నాళనిరోధమును లెక్కకట్టవలెననిరి. పుపుసపోటునుండి ఎడమ గుండె పోటును తీసివేసి, మిగిలినదానిని నిమిషపు ప్రవాహముతో భాగించిన వచ్చు అంకె అది. పాల్ ఉడ్ అను లండన్ వైద్యుని పేర దానిని ఉడ్ యూనిట్లు అందురు. రెండు యూనిట్లు మించినచో నాళములే ఇరుకైనట్లు.

శ్రమలోని పోటు గీతకు పట్టిన గతి వేరు. శ్రమలో 30 దాటుట, వయసు మీరిన ఆరోగ్యవంతులలోను సామాన్యమే యని తెలిసి 2008లో ఆ సూత్రమును తొలగించిరి. పదునాలుగేండ్లు శ్రమకు నిర్వచనములో స్థానము లేదు. 2022లో అది మరల ప్రవేశించినది, కాని వివేకముతో ప్రవేశించినది. శ్రమలో పోటు ఎంతకు చేరెననుట కాక, ప్రవాహము ఒక్కొక్క లీటరు పెరిగినపుడు పోటు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగెనని అడుగుదురు. లీటరుకు 3 మించినచో అది అసహజము. ఇంత చిన్న ప్రశ్న వేయుటకు అంత కాలము పట్టినదా యని ఎవరికైనను తోచును. కాని గొట్టము ఉండగా రోగిచేత పడకపైన పెడలు త్రొక్కించి, క్షణక్షణము లెక్కలు తీయుట సులభమైన పని కాదు. నేటికిని అది అన్ని ఆస్పత్రులలో లభించునది కాదు.

ఒకే సెక్షనులో పనిచేయు ఇద్దరిని ఊహింపుడు. ఇది లెక్క తెలియుటకై కల్పించిన దృష్టాంతము మాత్రమే. ఒకరు యాబదియేండ్ల స్థూలకాయుడు, ఇంకొకరు నలుబదినాలుగేండ్ల బక్కపలుచని సోదరి. ఇద్దరికిని విశ్రాంతిలో సగటు పుపుసపోటు 22. కాగితముపై ఇద్దరును సమానులే. ఆయనకు నిమిషమునకు 7 లీటర్ల ప్రవాహము, ఎడమ గుండె పోటు 12. నిరోధము 10ని 7తో భాగింపగా ఒకటిన్నరకు లోపు. పెడలు త్రొక్కునపుడు ప్రవాహము 15 లీటర్లకును పోటు 36కును చేరినవి. అనగా 8 లీటర్లకు 14 మిల్లీమీటర్లు, లీటరుకు రెండైనను లేదు. అంకె హెచ్చుగా కన్పించుట ప్రవాహము హెచ్చుటవలన. ఆయన బరువు తగ్గవలెను, నడవవలెను, రక్తపుపోటు చూపించుకొనవలెను. బెంగటిల్లుటకు కారణము లేదు.

ఆ సోదరికి ప్రవాహము 4.5 లీటర్లు, ఎడమ గుండె పోటు 8. నిరోధము మూడు యూనిట్లు మించినది. పెడలు త్రొక్కుట మొదలిడగానే పోటు 40కి ఎగసినది. ప్రవాహము 7.5 లీటర్లు దాటలేదు. 3 లీటర్లకు 18 మిల్లీమీటర్లు, అనగా లీటరుకు 6. కుడి జఠరిక బలమంతయు పోటుతో పోరాడుటకే వ్యయమగుచున్నది. కండలకు రక్తము చాలదు. రెండవ అంతస్తు చేరులోపల ఆమె రెండుమారులు నిలుచుటకు కారణము ఇదియే. 25 అను పాత గీత ప్రకారము ఈమెకు వ్యాధి లేదు. నేటి గీత ప్రకారము ఈమె పొలిమేర దాటినది.

ఇటువంటి సోదరికి సామాన్యముగా లభించు సలహాలు ఎట్టివో ఎల్లరకును తెలిసినవే. రక్తము తక్కువ, ఇనుపమాత్రలు మ్రింగుము, వయసు వచ్చుచున్నది, ఇంటను ఆఫీసునను చాకిరి హెచ్చు, మనసుకు దిగులు. అందులో ఒక్కొక్కటి నిజమైనను కావచ్చును. కాని ఢిల్లీ చలికాలమున కుళాయినీటిలో చేయి పెట్టిన క్షణమున ఆమె వ్రేళ్లు సున్నమువలె తెల్లబారి, పిదప నీలమై, పిదప ఎర్రబారుచున్నవా అని అడిగినవారెవరు? వ్రేళ్ల చర్మము బిగిసి, ఉంగరము తిరుగుట కష్టమగుచున్నదా? చర్మము గట్టిపడు స్క్లెరోడెర్మా అను జబ్బునకు అవి తొలిగుర్తులు. ఆ జబ్బు పుపుస నాళములను కూడ మెల్లమెల్లగా ఇరుకుచేయగలదు. గ్రాట్జ్ వైద్యులే 2009లో అట్టి రోగులకు గొట్టముతో శ్రమపరీక్ష చేసిరి. విశ్రాంతిలో పోటు పొలిమేరలో నున్నవారు, నిశ్చయముగా సహజమైన పోటు గలవారికంటె తక్కువ దూరము నడిచిరి. వారి దేహము శ్రమలో గ్రహించిన ప్రాణవాయువును తక్కువే. ఆ కొలది మిల్లీమీటర్ల తేడా కాగితముపై అల్పము; కాళ్లకు అల్పము కాదు. అందువలననే స్క్లెరోడెర్మా ఉన్నవారికి ఆయాసము లేకున్నను ఏటేట పుపుసపోటు విషయమై పరీక్ష జరుపవలెనని నియమించిరి.

ఇక ఇంటింటికి వచ్చు ఎకో కాగితము సంగతి. ఎకో యంత్రము పోటును కొలువదు, ఊహించును. కుడి గుండెలోని కవాటము సందునుండి వెనుకకు చిమ్ము రక్తధార వేగమును చూచి, ఆ వేగమును వర్గముచేసి నాలుగుతో హెచ్చించును. సెకనుకు 2.8 మీటర్లైన 31 వచ్చును. దానికి కర్ణికలోని పోటును అంచనాకట్టి కలుపుదురు. పరీక్షించువారి చేయి కొంచెము వాలినను అంకె మారును. పైగా ఇది గుండె ముడుచుకొనునప్పటి గరిష్ఠపు పోటు, ముందు చెప్పిన సగటు కాదు. ఎకోలో 35 అని వ్రాసియుండగా, గీత 20 కదా యని భయపడినవారు కొందరు కలరు. అవి రెండు వేర్వేరు కొలతలు. గజములను మీటర్లతో పోల్చినట్లే. వేగము 2.8కి లోపల నుండి, కుడి జఠరిక ఉబ్బక, ఇతర సూచనలేవియు లేనిచో పుపుసపోటు ఉండు అవకాశము తక్కువ. 3.4 మించినచో ఎక్కువ. నడుమనున్నవారికే వివేచన కావలెను. అట్టివారిని ఆరు నిమిషములు నడిపించి, వ్రేలికి తగిలించిన యంత్రములో ప్రాణవాయువు పడిపోవుచున్నదా చూడవచ్చును. ముఖమునకు తొడుగు పెట్టి సైకిలు త్రొక్కించి శ్వాసను విశ్లేషింపవచ్చును. ఇవి గొట్టముకంటె తేలిక. ఏవియు లేనిచోట, నిరుడు ఆగకుండ ఎక్కిన మెట్లకు నేడు ఆగుచున్నాడా యని ఇంటివారిని అడుగుటయు పరీక్షయే.

భారతదేశమున ఈ పోటునకు హేతువులు ఇంకను కలవు. బాల్యమున కీళ్లవాతపు జ్వరము వచ్చి ఎడమ గుండె కవాటము ముడుచుకొని, పుపుసపోటు హెచ్చినవారు అనేకులు. ఎడమ గుండె బిగుతు, నిద్రలో గురకతో శ్వాస ఆగుట, ఊపిరితిత్తులలో నిలిచిన రక్తపుగడ్డలు మరికొన్ని. ఢిల్లీవాసులు మరువరాని సంగతి ఒకటి యున్నది. లేడీ హార్డింజి వైద్యకళాశాలలో పనిచేసిన డాక్టర్ ఎస్. పద్మావతి, సహ రచయితతో కలిసి 1959లో ఢిల్లీనగరపు 127 మంది రోగులను గూర్చి వ్యాసము ప్రకటించిరి. ఊపిరితిత్తుల జబ్బువలన కుడి గుండె దెబ్బతినినవారు వీరు. పొగత్రాగు అలవాటు స్త్రీలలో చాల తక్కువ. అయినను ఈ జబ్బు స్త్రీపురుషులలో ఇంచుమించు సమానముగా కనబడినది. పిడకల పొయ్యి, కట్టెల పొయ్యి ముందు గడిపిన గంటలవైపు అది వ్రేలు చూపినది. ఆ విదుషీమణి నూటమూడేండ్లు జీవించి 2020లో గతించిరి.

మరియొక హేతువు ఎత్తు. 1946లో స్టాక్‌హోములో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనువారు, పీల్చుగాలిలో ప్రాణవాయువు తగ్గినచో పుపుస నాళములు ముడుచుకొనునని పిల్లులలో నిరూపించిరి. 1962 యుద్ధమున మైదానములనుండి లడఖ్ ఎత్తులకు త్వరగా చేరిన సైనికులకు ఈ సత్యము క్రూరముగా అనుభవమైనది. ఊపిరితిత్తులలో నీరు ఊరి అనేకులు జబ్బుపడిరి. అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎస్.బి. రాయ్ బృందము 1969లో ప్రకటించిన పరిశీలనలు ఈ జబ్బు రహస్యమును విప్పుటకు తోడ్పడినవి: పుపుసపోటు ఎగసియుండగా ఎడమ గుండె సరిగానే పనిచేయుచుండెను. దీనికి ప్రతిగా, 1993లో లాసాలో, 3,658 మీటర్ల ఎత్తున, అయిదుగురు టిబెట్టు యువకులను పరీక్షింపగా వారి విశ్రాంతిపోటు 15 మాత్రమే. కఠినశ్రమలోను అది ఎక్కువగా పెరుగలేదు. తరతరముల నివాసమువలన వారి నాళములు ముడుచుకొను అలవాటు మానినవి. విమానమున లేహ్‌లో దిగిన మైదానవాసికి ఆ భాగ్యము లేదు. అచ్చటికి డ్యూటీపై పోవువారు తొలి దినములు మెట్లెక్కక విశ్రమింపవలెనను ఆజ్ఞ లాంఛనము కాదు. పుపుసపోటు ఇదివరకే పొలిమేరలో నున్నవారు ప్రయాణమునకు ముందే వైద్యునికి ఆ సంగతి తెలుపవలెను.

చికిత్స మాట క్లుప్తముగా చెప్పవచ్చును. పుపుస నాళములను విప్పు మందులను పరీక్షించినది 25 దాటిన రోగులలోనే. 21-24 నడుమనున్నవారికి అవి మేలుచేయునని ఇంకను రుజువు కాలేదు. కనుక మూలకారణమును వెదకి దానికి వైద్యము చేయుట, కనిపెట్టియుండుట ముఖ్యము. ఎవరికో ఇచ్చిన మాత్ర తనకును ఇమ్మని కోరుట ప్రమాదము. ఎడమ గుండె జబ్బున కొన్ని మందులు నీరు ఊరునట్లు చేయగలవు.

శ్రమను మానవలెనా? పూర్వము వైద్యులు ఈ రోగులను పడకకు అంటిపెట్టిరి. 2006లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్ వైద్యులు, తీవ్రమైన పుపుసపోటు గల 30 మందిలో కొందరిచేత పర్యవేక్షణతో 15 వారములు వ్యాయామము చేయించిరి. ఆరు నిమిషములలో వారు నడువగల దూరము, వ్యాయామము చేయనివారితో పోల్చగా 111 మీటర్లు హెచ్చినది. మందులు యథాతథముగా నుండగనే ఈ మేలు కలిగినది. అయితే అది మొదట ఆస్పత్రిలో, నాడిని ప్రాణవాయువును కనిపెట్టుచు, తల తిరుగకముందే ఆపుచు చేయించిన వ్యాయామము. పార్కులో పొరుగువానితో పందెము వేసి నడచుట కాదు. నడచునపుడు స్పృహ తప్పినను, పెదవులు నీలమైనను, కాళ్లు వాచినను అది వేచియుండవలసిన సంగతి కాదు. ఆ దినమే వైద్యుని చూడవలెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. మూడేండ్లకు ఒక బదిలీ, బదిలీకి ఒక కొత్త డిస్పెన్సరీ, ఒక కొత్త డాక్టరు. ప్రతి ఊరిలోను ఎకో మొదటిసారి తీసినట్లే యుండును. పొలిమేరలోని అంకెకు ఒంటరిగా అర్థము తక్కువ. రెండేండ్ల క్రిందటి అంకె ప్రక్కన పెట్టినపుడే అది కదలుచున్నదా నిలిచియున్నదా తెలియును. సామానుల పట్టీలో ఇత్తడి బిందెలను, పిల్లల సర్టిఫికెట్లను వ్రాసికొనువారు, పాత ఎకో రిపోర్టులను చిత్రములతో సహా ఒక ఫైలులో పెట్టి, రైలులో చేతిసంచిలో ఉంచుకొనుట మేలు. ఆ ఫైలులోనే ఒక తెల్లకాగితముపై తేదీ వేసి, ఆనాడు ఏ అంతస్తువరకు ఆగకుండ ఎక్కగలిగిరో వ్రాసికొనినచో, కొత్త ఊరి డాక్టరుగారు మొదట చదువుకొనునది ఆ కాగితమే.